వసతిగృహంలో విద్యార్థికి అండ ఎవరు?

విశ్వవిద్యాలయమనగానే మనకు స్ఫురించేవి ఉపన్యాసశాలలు, గ్రంథాలయాలు, పరీక్షలు. కాని దినంలో తరగతి గదికి చెందేవి నాలుగైదు గంటలు మాత్రమే. ఇల్లు విడిచి వచ్చిన విద్యార్థి మిగిలిన కాలమంతా వసతిగృహంలోనే గడుపుతాడు. అక్కడ అతని మంచిచెడ్డలు చూచేవారెవరు, వారి బాధ్యతలెట్టివి అనే విషయాన్ని అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయాన్ని ఉదాహరణగా తీసికొని మేమిక్కడ వివరించదలచినాము.

సర్ సయ్యద్ అహమద్ ఖాన్ 1869-70 సంవత్సరాలలో ఇంగ్లండులో ఉండి, కేంబ్రిడ్జి కళాశాలల పద్ధతిని పరిశీలించి వచ్చినారు. 1877లో శంకుస్థాపన జరిగిన కళాశాలలో తాలీముతోపాటు తర్బియత్తు కూడ, అనగా చదువుతోపాటు నడవడి కూడ అలవడవలెనని ఆయన ఆశయం. నడవడి సహవాసంవల్ల వచ్చేది గనుక ఆవాసానికి అంతటి ప్రాముఖ్యం కలిగినది. 1920లో అది విశ్వవిద్యాలయమైన తరువాత కూడ హాలే అక్కడి జీవితానికి కేంద్రం. అందు రెండు హాళ్లకు పేర్లుగా నిలిచిన మొహసినుల్ ముల్క్, వికారుల్ ముల్క్ ఇరువురూ హైదరాబాదు సంస్థానపు కొలువులో పనిచేసి, పిదప అలీగఢ్ కళాశాలకు కార్యదర్శులైనవారే.

హాలుకు పెద్ద ప్రొవోస్టు. ఆయన క్రింద వార్డెన్లు. వీరు అధ్యాపకులే. పాఠాలు చెప్పుకొంటూనే గదుల కేటాయింపు, క్రమశిక్షణ, భోజనశాల వ్యవహారం కూడ చూస్తారు. ఇక్కడనే ఒక చిక్కు ఉన్నది. శిక్షించే అధికారం గలవారి ఎదుట కుర్రవాడు తన దిగులు చెప్పుకొనలేడు. “ఇక్కడ ఉండలేను, ఇంటికి పోతాను” అనే మాట నోటివరకు వచ్చి ఆగిపోతుంది.

ఆ వెలితిని కొంతవరకు పూరించేవారు విద్యార్థులలోనుండి నియమితులైన సీనియర్లు. హాలంతటికి ‘సీనియర్ హాల్’, భోజనశాలకు ‘సీనియర్ ఫుడ్’ అని అక్కడి వాడుక. వీరి పని తేలికైనది కాదు. స్నేహితులవలె మెలగవలె, అవసరమైనచో వార్డెను చెవిన వేయవలె. ఏది దాచవలె, ఏది చెప్పవలె? ఇంటి పేదరికం, తండ్రి అప్పులు వంటివి తమలోనే దాచుకొనదగినవి. తగ్గని జ్వరం, అన్నం మానివేయడం, బ్రతుకుమీద విరక్తి మాటలు మాత్రం, ఎవరికీ చెప్పనని మాట ఇచ్చి ఉన్నాసరే, ఆ క్షణమే పైకి చేరవలసినవని మా అభిప్రాయం.

పదవుల పట్టికలో కనిపించనివారు భోజనశాల పనివారు. గోధుమరొట్టెకు అలవాటుపడని తెలుగు విద్యార్థి రెండుపూటలు వరుసగా భోజనానికి రాలేదన్న సంగతి అందరికంటె ముందు తెలిసేది వడ్డించేవానికే. అతనిని అడిగే అలవాటు వార్డెనుకు ఉన్నదా లేదా అన్నదానిమీద చాలా ఆధారపడి ఉంటుంది.

విద్యార్థులు విద్యార్థులకు తోడ్పడడం అలీగఢ్‌కు క్రొత్తది కాదు. 1890 ప్రాంతంలో సాహెబ్‌జాదా అఫ్తాబ్ అహమద్ ఖాన్ ప్రభృతులు స్థాపించిన డ్యూటీ సొసైటీ చందాలు పోగుచేసి బీద విద్యార్థులను చదివించినది. కాని సీనియర్ అనే మాటకు మన దేశంలో భయంకరమైన అర్థం కూడ ఏర్పడినది. అందుకే ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగును నిషేధిస్తూ చట్టం వచ్చినది. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘం చేసిన నిబంధనలలో వార్డెను అన్నివేళలా టెలిఫోనులో అందుబాటులో ఉండవలెనని, క్రొత్తగా చేరిన ఆరుగురికి ఒక్కరు చొప్పున పై తరగతి విద్యార్థి మార్గదర్శిగా ఉండవలెనని చెప్పబడినది. భయపెట్టగల స్థానంలో ఉన్నవానికే కాపాడే పని అప్పగించడం ఇందులోని విశేషం. ఎంపికలో ఏమరుపాటు జరిగినచో ఇదే ప్రమాదకరం కూడ కాగలదు.

అలీగఢ్‌లో ఇంటినుండి వచ్చి చదివేవారికి కూడ నాన్ రెసిడెంట్ స్టూడెంట్స్ సెంటరు అనే పేరుతో ఒక హాలు, దానికొక ప్రొవోస్టు కలరు. కనుక హాస్టలు భవనం లేదన్న కారణాన మన కమిటీవారు ఈ విషయాన్ని వాయిదా వేయనక్కరలేదు. వచ్చే విద్యాసంవత్సరం మొదటి వారంలో, ఆరుగురికొకరు చొప్పున, ఉర్దూ తెలుగు రెండూ వచ్చిన పై తరగతివారి పేర్లు నోటీసుబోర్డుమీద పెట్టినచో ప్రారంభానికి అది చాలును.