గొచుజాంగ్ డబ్బాపై చిన్న అక్షరాలు

మావారికి ఉద్యోగరీత్యా పది నెలలపాటు దక్షిణ కొరియాలోని సువాన్ నగరంలో ఉండవలసి వచ్చింది. నేనూ వెంట బయలుదేరాను. గుంటూరులో పెట్టెలు సర్దుకుంటున్నప్పుడు మా అత్తయ్యగారు ఒకే ఒక మాట అడిగారు: “నమాజుకు చోటు ఎక్కడైనా దొరుకుతుంది, అల్లాహ్ భూమి విశాలమైనది. మరి తిండి సంగతేమిటమ్మా?”

ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం సిద్ధంగానే ఉంది. పంది మాంసం ముట్టం, మద్యం ముట్టం, ధర్మబద్ధంగా జిబహ్ చేయని మాంసం ముట్టం. అన్నం, చేపలు, గుడ్లు, కూరగాయలు ఉండనే ఉన్నాయి. ఇందులో కష్టమేముంది అనుకున్నాము. కష్టం ఎక్కడుందో తెలుసుకోవడానికి రెండు నెలలు పట్టింది.

నేర్చుకున్నామనుకున్న పాఠం

సువాన్ పాత నగరం చుట్టూ హ్వాసాంగ్ అనే కోట ఉంది. 1794లో మొదలై 1796లో పూర్తయిన ఆ రాతి ప్రాకారాన్ని యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది. మేము అద్దెకు దిగిన చిన్న ఇల్లు ఆ గోడకు దగ్గరలోనే. ఖిబ్లా పడమరకు కాస్త ఉత్తరంగా పడేది. మొదటి రోజే జానమాజు పరచుకొని దిక్కు సరిచూసుకున్నాము. ఇక మిగిలింది వంటిల్లు.

కొరియా దుకాణాలలో అమ్మే ఆహారపు పొట్లాలపై ఒక సదుపాయం ఉంది. కొందరి శరీరానికి పడని పదార్థాలు అందులో ఏమున్నాయో ఒక గడి గీసి విడిగా ముద్రించాలని అక్కడి చట్టం చెబుతుంది. సోయా, గోధుమ, పాలు, గుడ్లు, రొయ్యలతోపాటు పంది మాంసం, గొడ్డు మాంసం, కోడి మాంసం కూడా ఆ జాబితాలో ఉంటాయి. మావారు కొరియా లిపిలో ఆ మూడు మాంసాల పేర్లను ఒక కాగితంపై రాసి నాకిచ్చారు. పంది మాంసాన్ని వారు ‘ద్వేజిగోగి’ అంటారు. నేను ఆ కాగితం పట్టుకొని బజారుకు వెళ్ళేదాన్ని. గడిలో ఆ అక్షరాలు కనిపిస్తే పొట్లం తిరిగి పెట్టేసేదాన్ని, కనిపించకపోతే బుట్టలో వేసుకునేదాన్ని. రామ్యన్ అనే నూడుల్స్ పొట్లాలు దాదాపు అన్నీ అలాగే తిరిగి అరలోకి వెళ్ళాయి. మసాలా పొడిలో ఏదో ఒక మాంసపు సారం ఉండేది.

గొచుజాంగ్ మాత్రం ఆ పరీక్షలో నెగ్గింది. ఇది మిరపపొడి, జిగురు బియ్యం, పులియబెట్టిన సోయాగింజల పొడి, ఉప్పు కలిపి చేసే ఎర్రటి ముద్ద. కారం, తీపి, పులుపు కలిసిన దాని రుచి గుంటూరు నాలుకకు వెంటనే నచ్చింది. ఎర్ర డబ్బా ఒకటి కొని అన్నంలో, గుడ్లలో, వంకాయలో, అన్నింటిలో వాడాను. రెండు నెలల్లో రెండు డబ్బాలు ఖాళీ అయ్యాయి.

ఇతేవాన్ కొండపై

ఒక శుక్రవారం మావారికి సెలవు దొరికింది. రైలెక్కి సియోల్ వెళ్ళాము. ఇతేవాన్ ప్రాంతంలో కొండ ఎక్కితే సియోల్ కేంద్ర మస్జిద్ కనిపిస్తుంది. 1950లో మొదలైన కొరియా యుద్ధంలో పాల్గొనడానికి వచ్చిన తుర్కియే సైనికుల ద్వారా కొందరు కొరియన్లకు ఇస్లాం పరిచయమైంది. ఆ చిన్న సమాజం క్రమంగా పెరిగింది. కొరియా ప్రభుత్వం స్థలమివ్వగా, ముస్లిం దేశాల ఆర్థిక సహాయంతో నిర్మించిన ఈ మస్జిద్ 1976లో ప్రారంభమైంది. జంట మినార్లు చూడగానే నా కళ్ళు చెమర్చాయి. రెండు నెలల తర్వాత నలుగురితో కలిసి జుమా నమాజు చేసే భాగ్యం అల్లాహ్ ప్రసాదించాడు.

మస్జిద్ చుట్టుపక్కల వీధుల్లో హలాల్ మాంసం దుకాణాలు, సరుకుల కొట్లు, భోజనశాలలు ఉన్నాయి. అక్కడి ఒక కొట్టులో కొరియా దేశపు ముస్లిం సోదరి ఒకామె పరిచయమైంది. నేను గొచుజాంగ్ గురించి గొప్పగా చెబుతూ ఫోనులో మా డబ్బా ఫోటో చూపించాను. ఆమె ఫోటోను పెద్దది చేసి, గడికి పైనున్న చిన్న అక్షరాల మధ్య ఒక పదాన్ని వేలితో చూపింది. ‘జుజొంగ్’ అని చదివి, నెమ్మదిగా వివరించింది. అది ఆహారంలో కలిపే ఆల్కహాలు. కర్మాగారంలో తయారైన ముద్ద డబ్బాలో ఇంకా పులిసి పొంగిపోకుండా, బూజు పట్టకుండా దాన్ని కలుపుతారట. శరీరానికి పడని పదార్థాల జాబితాలో ఆల్కహాలు లేదు కాబట్టి గడిలో ఆ పేరు ఉండదు. కొన్ని సోయా సాసుల్లోనూ దాన్ని కలుపుతారని, వంటకు వాడే ‘మిరిమ్’ లాంటి ద్రవాలు అసలు మద్యం జాతివేనని కూడా చెప్పింది.

తిరుగు ప్రయాణంలో రైలులో మా ఇద్దరి మధ్య మాట పెరిగింది. “తెలియక తిన్నాము, ఇకపై మానేద్దాము, ఇంత బాధ ఎందుకు?” అన్నారు మావారు. “నా చేత్తో వండి మీకు పెట్టాను. రెండు నెలల నమాజులు, దుఆలు ఏమవుతాయండీ?” అని నేను ఏడ్చాను. ఇంటికి చేరగానే గిన్నెలన్నీ బయట పారేయాలని పట్టుబట్టాను. ఆయన వద్దన్నారు. ఆ రాత్రి ఇద్దరమూ సరిగా మాట్లాడుకోలేదు.

మరునాడు మావారు మస్జిదుకు ఫోను చేసి అక్కడి ఇమాము గారిని అడిగారు. ఆయన సమాధానం మా ఇద్దరికీ సమానంగా వర్తించింది. తెలియక జరిగిన దానికి అల్లాహ్ క్షమాపణ వేడుకోండి, ఆయన క్షమించేవాడు, గిన్నెలు శుభ్రంగా కడుక్కుంటే చాలు అన్నారు. అది నాకు. ఇలాంటి స్వల్ప పరిమాణపు ఆల్కహాలు విషయంలో పండితుల మధ్య చర్చ ఉంది గానీ, సందేహం ఉన్నదాన్ని వదిలేయడమే మనసుకు, ధర్మానికి క్షేమం, తెలిసిన తర్వాత తేలికగా తీసుకోకండి అన్నారు. అది ఆయనకు. హలాల్ స్పష్టం, హరామ్ స్పష్టం, ఆ రెండింటి మధ్య చాలామందికి తెలియని సందేహాస్పద విషయాలున్నాయని దైవప్రవక్త (స) చేసిన బోధ మేము చిన్ననాటి నుండి విన్నదే. అది వంటింటి అరలో ఎర్ర డబ్బా రూపంలో కూర్చొని ఉంటుందని ఊహించలేదు.

పొరుగింటి హల్మొని

మా పక్కింట్లో డెబ్బై ఏళ్ళు దాటిన ఒక వృద్ధురాలు ఒంటరిగా ఉండేవారు. కొరియాలో అమ్మమ్మ, నాయనమ్మ వయసువారిని ‘హల్మొని’ అని పిలుస్తారు. చలి మొదలైన ఒక సాయంత్రం ఆమె వేడివేడి కిమ్చీ పులుసు గిన్నెతో తలుపు తట్టారు. అందులో పంది మాంసపు ముక్కలు తేలుతున్నాయి.

“తీసుకో, తర్వాత పారేద్దాం. పెద్దావిడ మనసు నొప్పించడం ఎందుకు?” అని మావారు తెలుగులో నాతో మెల్లగా అన్నారు. నా మనసు ఒప్పలేదు. ప్రేమతో తెచ్చిన తిండిని చెత్తబుట్టలో వేసి, మరునాడు చాలా బాగుందని ఆమెకు అబద్ధం చెప్పాలి. రేపు మళ్ళీ తెస్తే మళ్ళీ అబద్ధమే. పొరుగువారి హక్కు గురించి అంతగా నొక్కి చెప్పిన ప్రవక్త (స) అనుచరులమై అలా చేయవచ్చా? ఆమెను లోపలికి పిలిచి, టీ ఇచ్చి, వచ్చీరాని మాటలతో, ఫోనులోని అనువాద సాయంతో మా ధర్మం గురించి చెప్పాము. ఆమె కొంతసేపు ఆలోచించి, “గుడిలో భిక్షువులు కూడా మాంసం తినరు, అలాగేనా?” అన్నారు. అచ్చంగా అలా కాదు, మేము మాంసం తింటాము, అయితే దానికొక పద్ధతి ఉంది అని వివరించాము. ఆమె నవ్వి గిన్నె తీసుకెళ్ళిపోయారు. నొచ్చుకున్నారేమోనని నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

నవంబరు చివరిలో ఆమె మళ్ళీ వచ్చారు, ఈసారి నన్ను పిలుచుకు వెళ్ళడానికి. చలికాలానికి సరిపడా కిమ్చీని నలుగురూ కలిసి పెట్టుకొని పంచుకునే ‘కింజాంగ్’ రోజులవి. ఈ ఆచారాన్ని యునెస్కో 2013లో మానవాళి సాంస్కృతిక వారసత్వాల జాబితాలో చేర్చింది. మన ఇళ్ళలో వేసవిలో ఆవకాయ పెట్టే సందడి ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. బేసిన్ల నిండా ఉప్పులో నానిన క్యాబేజీలు, ఎర్రటి కారం, వెల్లుల్లి ఘాటు, నలుగురు ఆడవాళ్ళ కబుర్లు. ఒక మూల విడిగా చిన్న బేసిన్, అందులో నాలుగు క్యాబేజీలు. “ఇది నీది. నేను ఏమీ కలపలేదు. ఏది వేయవచ్చో నువ్వే చెప్పు” అన్నారు హల్మొని.

కిమ్చీలో సాధారణంగా ‘సేవూజొత్’ అనే ఉప్పు రొయ్యల ఊట, చేపల ఊట వేస్తారు. చేప ధర్మసమ్మతమే. రొయ్యల విషయంలో మన హనఫీ పండితుల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. మా ఇంట తినని అలవాటు కాబట్టి వద్దన్నాను. బదులుగా ఆమె ఎండిన సముద్రపు నాచును నీటిలో మరిగించి, ఆ నీటిని, కొంచెం ఎక్కువ ఉప్పును వేశారు. నేను ఇంటినుండి గోంగూర పచ్చడి సీసా తెచ్చి ఆమెకిచ్చాను. ఒక ముద్ద తిని కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ మరో ముద్ద అడిగారు.

ఆ రాత్రి మావారు తానే మాట కదిపారు. “ఆ రోజు గిన్నె తీసుకొని పారేసి ఉంటే, ఈ రోజు నీకోసం బేసిన్ విడిగా పెట్టేవారే కాదు” అన్నారు. ఇతేవాన్ నుండి తిరిగొచ్చిన రాత్రి మిగిలిన బరువు అప్పుడు దిగిపోయింది.

జియోన్జులో అడిగి తిన్న భోజనం

వసంతంలో బిబింబాప్‌కు పేరుపొందిన జియోన్జు నగరానికి వెళ్ళాము. దూరం దృష్ట్యా దారిలో ఖస్ర్ నమాజు చేశాము. అక్కడ పెంకుటిళ్ళ పాత పేట చూడముచ్చటగా ఉంటుంది. బిబింబాప్ అంటే అన్నంపై రకరకాల కూరగాయలు విడివిడిగా పేర్చి, గొచుజాంగ్‌తో కలుపుకొని తినే భోజనం. మాంసం లేకుండా ఇవ్వమంటే సరిపోతుందనుకుంటే పొరపాటే. జియోన్జు సంప్రదాయంలో అన్నాన్నే గొడ్డు ఎముకల రసంలో వండుతారు. అడగడం అలవాటైంది కాబట్టి మూడు చోట్ల అడిగాము. రెండు చోట్ల మర్యాదగా కుదరదన్నారు. మూడవ చోట నీటితో వండిన అన్నం, కూరగాయలు, గుడ్డు ఇచ్చారు. గొచుజాంగ్‌కు బదులు నువ్వుల నూనె, ఉప్పు కలుపుకొని తిన్నాము. కాదన్న ఆ ఇద్దరిపైనా మాకు గౌరవమే కలిగింది. దాచకుండా నిజం చెప్పారు.

గుంటూరు వంటింట్లో కిమ్చీ

తిరిగొచ్చాక మా ఇంట కిమ్చీ నిలిచిపోయింది. దాని పులుపు పెరుగు, దోసెపిండి పులిసినట్టు ఆమ్లం వల్ల వచ్చేదే. మేము పెట్టుకునే పద్ధతి ఇది.

రెండు కిలోల చైనా క్యాబేజీని నిలువుగా నాలుగు భాగాలు చేసి, పొరల మధ్య 200 గ్రాముల కల్లుప్పు చల్లి, గంటకొకసారి తిప్పుతూ ఐదారు గంటలు ఉంచాలి. ఆకు విరగకుండా వంగితే చాలు. మూడుసార్లు కడిగి, గంటసేపు వాడ్చాలి. రెండు చెంచాల బియ్యపుపిండిని రెండు కప్పుల నీటిలో జావగా కాచి చల్లార్చాలి. అందులో 100 గ్రాముల బరక కారం, 50 గ్రాముల వెల్లుల్లి, చిన్న అల్లం ముక్క, సగం ఆపిల్ పండు రుబ్బి కలపాలి. సన్నగా తరిగిన పావుకిలో ముల్లంగి, ఉల్లికాడలు, రెండు చెంచాల ఉప్పు చేర్చి, ఈ ముద్దను ప్రతి ఆకుకూ పట్టించాలి. గాజు సీసాలో పైన రెండంగుళాల ఖాళీ వదిలి నొక్కిపెట్టాలి. మన ఎండలకు ఒక పూట నుండి ఒక రోజు బయట ఉంచితే చాలు. ఆ తర్వాత ఫ్రిజ్‌లో పెట్టి, ఐదో రోజు నుండి తినవచ్చు. కొరియా మిరపపొడి కారం తక్కువ, రంగు ఎక్కువ. కాబట్టి గుంటూరు కారం పావు వంతు, బ్యాడిగ మిరప ముప్పావు వంతు కలపండి. మొత్తం గుంటూరుదే వేస్తే మా హల్మొని ఏడ్చినట్టు ఏడవవలసి వస్తుంది!

మొన్న మా ఆడపడుచు కూతురు, తొమ్మిదో తరగతి పిల్ల, బజారు నుండి కొరియా నూడుల్స్ పొట్లం తెచ్చింది. ఇప్పుడు పిల్లలకు ఆ సీరియళ్ళు, ఆ తిండి అంటే మోజు. దాన్ని లాక్కొని మందలించాలని మా అత్తయ్యగారు చేయి చాపారు. నేను ఆపి, పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని పొట్లాన్ని వెనక్కి తిప్పాను. హలాల్ ముద్ర ఉందా, మసాలాలో ఏ సారం ఉంది, చిన్న అక్షరాల్లో ఏముంది అని ఇద్దరం కలిసి చదివాము. అందులో గొడ్డు మాంసపు సారం ఉంది, ముద్ర లేదు. “అయితే నేనే వద్దంటాను, అత్తా” అని పిల్లే దాన్ని పక్కన పెట్టింది. వారం తర్వాత ముద్ర ఉన్న మరో రకాన్ని వెతికి తెచ్చింది. ఇద్దరం కలిసి వండి, పైన మా కిమ్చీ వేసుకొని తిన్నాము.

మన పిల్లలు రేపు చదువులకు, ఉద్యోగాలకు ఏ దేశం వెళతారో మనకు తెలియదు. అక్కడ వారి పక్కన మనం ఉండము. పొట్లం లాక్కునే చేయి అక్కడిదాకా అందదు, చదవడం నేర్పితే ఆ చదువు మాత్రం వెంట వెళుతుంది. అల్లాహ్ మన ఇళ్ళకు పరిశుద్ధమైన ఉపాధిని, దాన్ని గుర్తించే వివేకాన్ని, మన పొరుగువారితో నిజం మాట్లాడే ధైర్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.