ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో నిద్రపోతే ఏమవుతుంది? టాప్ హాఫ్, బాటమ్ హాఫ్ కథ

ఇంటర్వ్యూలో "టాప్ హాఫ్, బాటమ్ హాఫ్ అంటే ఏంటి?" అని అడిగితే డెఫినిషన్ అందరం చెప్పేస్తాం. "మరి టాస్క్‌లెట్ వాడాలా, వర్క్‌క్యూ వాడాలా?" అనగానే తడబడతాం. దీనికి ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఆ పని మధ్యలో నిద్రపోవాల్సి వస్తుందా?

ఫోన్ టచ్‌స్క్రీన్ తీసుకుందాం. చాలా టచ్ చిప్‌లు ఐ2సీ బస్ మీద ఉంటాయి. వేలు తగలగానే చిప్ ఇంటరప్ట్ ఇస్తుంది. సీపీయూ చేస్తున్న పని ఆపి మన హ్యాండ్లర్‌లోకి వస్తుంది. ఇదే టాప్ హాఫ్. ఇక్కడ మనం ఏ ప్రాసెస్ తరఫునా పనిచేయట్లేదు. కాబట్టి షెడ్యూలర్ మనల్ని పక్కన పెట్టి తర్వాత లేపడం కుదరదు. మ్యూటెక్స్ తీసుకోకూడదు, ఎంస్లీప్ పిలవకూడదు. మెమరీ కావాలంటే జీఎఫ్‌పీ_కెర్నెల్ కాదు, జీఎఫ్‌పీ_అటామిక్ వాడాలి.

కానీ వేలు ఎక్కడ తగిలిందో తెలియాలంటే ఐ2సీ మీద చదవాలి కదా. 400 కిలోహెర్ట్జ్ బస్‌లో ఒక్కో బైట్‌కి 9 క్లాక్‌లు, అంటే సుమారు 22 మైక్రోసెకన్లు. 30 బైట్లకి దాదాపు 700 మైక్రోసెకన్లు. ఆ డేటా వచ్చేదాకా ఐ2సీ డ్రైవర్ మామూలుగా నిద్రపోతుంది. దాన్ని టాప్ హాఫ్‌లో పిలిస్తే కెర్నెల్ లాగ్‌లో "షెడ్యూలింగ్ వైల్ అటామిక్" అని వస్తుంది. ఒక్కోసారి సిస్టమ్ మొత్తం హ్యాంగ్ అవుతుంది.

సరే, టాస్క్‌లెట్‌లో పెడదామా? అదీ సాఫ్ట్‌ఐఆర్‌క్యూ మీదే నడుస్తుంది. మిగతా ఇంటరప్ట్‌లు రావచ్చు గానీ, నిద్ర మాత్రం కుదరదు. పైగా కొత్త కోడ్‌లో టాస్క్‌లెట్‌లు వాడొద్దనే అంటున్నారు. వర్క్‌క్యూ అయితే కెర్నెల్ థ్రెడ్‌లో నడుస్తుంది, హాయిగా నిద్రపోవచ్చు.

అయితే ఇక్కడో చిక్కుంది. లెవెల్ ట్రిగ్గర్డ్ ఇంటరప్ట్ అంటే, మీరు పార్సెల్ అందుకునేదాకా కాలింగ్ బెల్ మీద నుంచి వేలు తీయని డెలివరీ బాయ్ లాంటిది. డేటా చదివేదాకా లైన్ అలాగే ఉంటుంది. పనిని వర్క్‌క్యూకి ఇచ్చి హ్యాండ్లర్ బయటికి రాగానే మళ్లీ అదే ఇంటరప్ట్, మళ్లీ మళ్లీ అదే. ఆ సీపీయూలో వర్క్‌క్యూకి నడిచే అవకాశమే దొరకదు. దీన్నే ఇంటరప్ట్ స్టార్మ్ అంటారు.

దీనికోసమే 2009లో 2.6.30 కెర్నెల్‌లో థ్రెడెడ్ ఇంటరప్ట్‌లు వచ్చాయి. థామస్ గ్లైక్స్‌నర్ తెచ్చారు. రిక్వెస్ట్_థ్రెడెడ్_ఐఆర్‌క్యూకి మన థ్రెడ్ ఫంక్షన్ ఇచ్చి, ఐఆర్‌క్యూఎఫ్_వన్‌షాట్ ఫ్లాగ్ పెడతాం. అప్పుడు థ్రెడ్ పని పూర్తయ్యేదాకా ఆ లైన్‌ని కెర్నెల్ మాస్క్ చేసి ఉంచుతుంది. టాప్ హాఫ్ స్థానంలో నల్ ఇచ్చి ఈ ఫ్లాగ్ మర్చిపోతే, సాధారణంగా కెర్నెల్ ఆ రిక్వెస్ట్‌నే తిరస్కరిస్తుంది.

ఇంకో జాగ్రత్త. వర్క్‌క్యూ వాడే డ్రైవర్ తీసేసేటప్పుడు ఆర్డర్ ముఖ్యం. ముందు ఫ్రీ_ఐఆర్‌క్యూ, తర్వాత క్యాన్సిల్_వర్క్_సింక్, ఆఖర్న కేఫ్రీ. ఇది తారుమారైతే, ఫ్రీ చేసేసిన మెమరీని వర్క్ ఫంక్షన్ ముట్టుకుంటుంది. అది రోజూ కనిపించే బగ్ కాదు, అందుకే పట్టుకోవడం కష్టం.

మొత్తం మీద గుర్తుపెట్టుకోండి: నిద్ర అవసరమైతే థ్రెడెడ్ ఇంటరప్ట్ లేదా వర్క్‌క్యూ. నిద్ర అక్కర్లేదు, పని రెండు మూడు రిజిస్టర్లతో అయిపోతుంది అంటే టాప్ హాఫ్‌లోనే ముగించేయండి. నెట్‌వర్క్ కార్డుల సంగతి వేరు, అక్కడ నాపీ ఉంటుంది. దాని గురించి వచ్చే ఎపిసోడ్‌లో మాట్లాడుకుందాం.