కోడుమూరు నుంచి తలకోనకు: ఒక జలపాత సందర్శన ప్రణాళిక

ఈ భాగంలో ఒక ప్రయాణానికి ప్రణాళిక వేద్దాం. బయలుదేరే చోటు కర్నూలు జిల్లా కోడుమూరు. చేరవలసిన చోటు శేషాచలం కొండల్లోని తలకోన. ఎలా వెళ్ళాలో, ఎక్కడ బస చేయాలో పర్యాటక కరపత్రాలు చెబుతాయి. ఎప్పుడు వెళితే నీళ్ళుంటాయి, ఎప్పుడు వెళ్ళకూడదు అన్నవి మాత్రం మనమే తేల్చుకోవాలి. మీలో చాలామంది ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుంటూ చదువుతున్నవారు. రెండు రోజుల సెలవు, కుటుంబమంతటి ఛార్జీలు పెట్టి వెళ్ళి ఎండిన బండను చూసి రావడం బాధాకరం. ఉధృతిని తక్కువ అంచనా వేయడం అంతకంటే చాలా పెద్ద నష్టం.

4.1 ఎలాంటి అడవి, ఎలాంటి జలపాతం

తలకోన జలపాతం ఎత్తు సుమారు 270 అడుగులు, అంటే 82 మీటర్లు. ఆంధ్రప్రదేశ్‌లో ఎత్తైన జలపాతంగా దీన్ని చెబుతారు. యెర్రవారిపాళెం మండలం నేరబైలు దాటాక అడవిలో ఉంటుంది. 2022 జిల్లాల పునర్విభజన తర్వాత తిరుపతి జిల్లాలోకి వచ్చింది. చుట్టూ ఉన్నది శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం. శేషాచలం కొండలను 2010లో జీవావరణ పరిరక్షణ ప్రాంతంగా ప్రకటించారు.

దక్షిణ అమెరికాలో అర్జెంటీనా, బ్రెజిల్ సరిహద్దున ఉన్న ఇగువాసు జలపాతం పేరు మీరు విని ఉంటారు. అది ఉపోష్ణమండల వర్షారణ్యంలో ఉంది. విచిత్రమేమిటంటే అక్కడ కూడా గరిష్ఠ ఎత్తు 80 మీటర్ల చుట్టుపక్కలే. అయితే ఇగువాసు నదిలో సెకనుకు సగటున 1,500 ఘనపు మీటర్లకు పైగా నీరు దూకుతుంది. మనకు అలవాటైన క్యూసెక్కుల్లో చెప్పాలంటే 50 వేలకు పైనే. శ్రీశైలం గేట్లు కొన్ని ఎత్తినప్పుడు పత్రికల్లో కనిపించే అంకె అది. ఎత్తు ఒకటే అయినా ఒకచోట ఏడాది పొడవునా పారే పెద్ద నది, మరొకచోట కొండవాగు. జలపాతాన్ని ఎత్తుతో కొలవడం మనకు అలవాటు. ప్రయాణం వేసుకునేవాడికి ఎత్తు కంటే ఆ నీరు ఎక్కడి నుంచి వస్తుందన్నదే ముఖ్యం.

తలకోనది వర్షారణ్యం కాదు. శేషాచలంలో అధికభాగం ఆకురాల్చే పొడి అడవే. ఎర్రచందనం సహజంగా పెరిగేది ఈ తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. కానీ కోన లోపల, వాగు వెంట, ఎండ నేరుగా పడని చోట తేమ నిలుస్తుంది. అక్కడ చెట్లు దట్టంగా, పచ్చగా ఉంటాయి. గిల్లతీగ అనే మహాలత చెట్టు నుంచి చెట్టుకు పాకి కనిపిస్తుంది. కోడుమూరు నల్లరేగడి చేల నుంచి వచ్చినవారికి ఆ నీడే సగం జలపాతం.

4.2 వాన లెక్క

ఇక్కడ మనవాళ్ళు తరచుగా పొరబడతారు. కోడుమూరు ప్రాంతానికి ఏడాదికి 700 మిల్లీమీటర్ల లోపే వాన. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల వల్ల వస్తుంది. కాబట్టి హంద్రీలో నీళ్ళు కనిపించగానే, “ఇప్పుడు జలపాతాలు బాగుంటాయి” అనుకొని ఆగస్టులో బయలుదేరతారు. కానీ శేషాచలం ఉన్నది బంగాళాఖాతం వైపు. అక్కడ అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య రుతుపవనాలు, వాటితోపాటు వచ్చే వాయుగుండాలు ఏడాది వానలో పెద్ద వాటా ఇస్తాయి. సముద్రం నుంచి వచ్చిన తేమగాలి కొండలను ఎక్కుతూ చల్లబడి కురుస్తుంది. ఒకే రాయలసీమలో రెండు వానకాలాలు ఉన్నాయని గుర్తుంచుకోండి.

అందుచేత తలకోనకు నవంబరు చివరి నుంచి జనవరి మధ్య వరకు అనుకూలమైన కాలం. వేసవిలో ధార సన్నబడుతుంది.

4.3 నీరు ఎంత త్వరగా వస్తుంది

ఈ కొండల పైభాగం క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. మట్టి పొర పలుచన. కురిసిన నీటిలో కొంత పగుళ్ళలోకి దిగి, రోజులూ వారాలూ ఊటగా బయటికి వస్తుంది. మనం చూసే తేట ధార అదే. మిగిలినది బండ మీదుగా నేరుగా వాగులోకి దిగుతుంది.

ఒక లెక్క వేద్దాం. వాగుకు పైన 10 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతం ఉందనుకోండి (ఇది ఉదాహరణ మాత్రమే, తలకోన కొలత కాదు). దాని మీద 10 సెంటీమీటర్ల వాన పడితే మొత్తం నీరు 10 లక్షల ఘనపు మీటర్లు. అందులో సగం 6 గంటల్లో వాగులోకి చేరితే 5 లక్షలను 21,600 సెకన్లతో భాగించాలి. సెకనుకు సుమారు 23 ఘనపు మీటర్లు, అంటే దాదాపు 800 క్యూసెక్కులు. ఒక ఘనపు మీటరు నీటి బరువు ఒక టన్ను. నిన్న పిల్లలు స్నానం చేసిన గుండంలోకి ఈరోజు సెకనుకు 23 టన్నులు పడుతున్నాయన్నమాట. పైగా వాన కొండ మీద పడుతుంది. కింద ఉన్నవారికి ఆకాశం నిర్మలంగానే కనిపించవచ్చు.

ఇది కాగితం మీది భయం కాదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, దిగువ గ్రామాల్లో పలువురు ప్రాణాలు కోల్పోయారు. అది ఈ కాలపు వానే. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలు నగరాన్ని ముంచిన సంగతి మీ ఇళ్ళలో పెద్దలు ఇంకా చెబుతూనే ఉంటారు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపించే వాగుల మధ్య పెరిగిన మనకు ఈత రాదు, నీటి బలం చేతికి తెలియదు. ఈ మాట మొహమాటం లేకుండా చెప్పవలసినదే.

కాబట్టి వాతావరణ శాఖ హెచ్చరికలను చదవడం నేర్చుకోండి. తిరుపతి జిల్లాకు నారింజ లేదా ఎరుపు హెచ్చరిక ఉంటే ప్రయాణం మానుకోండి. అలాంటి రోజుల్లో అటవీశాఖ కూడా దారి మూసేస్తుంది. పెద్ద వాన వెలిసిన వారం పది రోజులకు వెళ్ళడం నా ఉద్దేశంలో అన్నిటికన్నా మంచిది: ధార నిండుగా ఉంటుంది, నీరు తేటపడుతుంది.

4.4 దారి

రోడ్డున అయితే కర్నూలు, నంద్యాల, కడప, రాయచోటి, పీలేరు మీదుగా 40వ నంబరు జాతీయ రహదారి. పీలేరు తర్వాత భాకరాపేట, నేరబైలు. మొత్తం సుమారు 400 కిలోమీటర్లు. ఒకే పగలు వెళ్ళి రావడం కుదరదు. రైలులో తిరుపతి చేరి అక్కడి నుంచి యాభై అరవై కిలోమీటర్లు రోడ్డున వెళ్ళడం పెద్దవాళ్ళకు తేలిక. అయితే తిరుపతి వైపు నుంచి వచ్చేవారు భాకరాపేట ఘాట్ దాటాలి. 2022 మార్చిలో ధర్మవరం నుంచి తిరుపతికి నిశ్చితార్థానికి వెళుతున్న బస్సు రాత్రివేళ లోయలో పడింది అక్కడే. ఘాట్‌ను పగటిపూటే దాటేలా సమయం వేసుకోండి.

అంత సెలవు దొరకనివారు అహోబిలం ఆలోచించవచ్చు. వానల్లో ఎగువ అహోబిలం పైన, జ్వాలా నరసింహస్వామి గుడి దారిలో నీళ్ళు దూకుతాయి. తలకోనతో పోల్చలేం గానీ, దూరం సగం కూడా లేదు.

4.5 అడవిలో

తలకోనలో సిద్ధేశ్వరస్వామి ఆలయం ఉంది. అక్కడి నుంచి జలపాతానికి నడక, మెట్లు, రాళ్ళు. మోకాళ్ళ నొప్పులున్నవారు గుడి దగ్గర ఆగిపోవడానికి ముందే మనసు సిద్ధం చేసుకోవాలి. అటవీశాఖ, స్థానిక వన సంరక్షణ సమితి నిర్వహించే బసలున్నాయి. కార్తీక మాసంలోనూ శివరాత్రికీ రద్దీ ఎక్కువ కనుక ముందుగా అడిగి ఉంచుకోండి. చీకటి పడకముందే జలపాతం దగ్గరి నుంచి వెనుదిరగాలి. ప్లాస్టిక్ కవర్లలో తినుబండారాలు పట్టుకు నడిస్తే కోతులు వదలవు. బండల మీది నాచు తడికి సబ్బులా జారుతుంది; చెప్పుల కంటే పట్టు ఉన్న బూట్లు మేలు. గుండంలోకి పైనుంచి దూకడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు, అడుగున రాళ్ళు ఎక్కడున్నాయో కనబడదు. ఇంకొక్కటి: జ్ఞాపకంగా ఎర్రచందనం చెక్క ముక్క కూడా సంచిలో వేసుకోకండి. చెక్‌పోస్టులో దొరికితే కేసు అవుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక కొండవాగు పరీవాహక ప్రాంతం 6 చదరపు కిలోమీటర్లు. 8 సెంటీమీటర్ల వానలో మూడో వంతు నీరు 4 గంటల్లో వాగులోకి చేరింది. సగటు ప్రవాహం ఎన్ని క్యూసెక్కులు? (1 ఘనపు మీటరు = 35.3 ఘనపు అడుగులు. జవాబు దాదాపు 390 రావాలి.)

2. మీ ఊరికి దగ్గరలోని వంక ఏ నెలల్లో పారుతుందో పెద్దలను అడిగి రాయండి. ఆ నెలలు నైరుతి కాలానివా, ఈశాన్య కాలానివా?