శామ్‌వైజ్ చల్లిన చిటికెడు మట్టి

న్యూజిలాండ్‌లో మాటామాటా అనే ఊరి దగ్గర గొర్రెలు మేసే పొలం ఒకటుంది. 1998లో దర్శకుడు పీటర్ జాక్సన్ బృందం ఆకాశం నుంచి గాలిస్తూ దాన్ని కనిపెట్టింది. ఇప్పుడది హాబిటన్. పచ్చిక కప్పిన గుట్టలు, గుట్టల్లోకి తొలిచిన గుండ్రటి తలుపుల ఇళ్లు, ప్రతి ఇంటి ముందూ కూరమళ్లు, పూలమొక్కలు. టోల్కీన్ రాసిన 'ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవలలో హాబిట్లు ఉండే ఊరు ఇదే. హాబిట్లంటే మన నడుము దాకా వచ్చే పొట్టివాళ్లు. చెప్పులు తొడగరు, దొరికితే రోజుకు ఆరుసార్లు తింటారు, మొక్కలంటే ప్రాణం పెడతారు.

అక్కడి మళ్లలో మొక్కలు నిజమైనవే, తోటమాలులు ఏడాది పొడవునా చూసుకుంటారు. కానీ బిల్బో అనే హాబిట్ ఇంటి నెత్తిన ఠీవిగా కనిపించే ఓక్ చెట్టు మాత్రం ఉక్కు, సిలికోన్‌లతో చేసింది. దాని ఆకులు రెండు లక్షలకు పైమాటే, ఒక్కటీ అసలుది కాదు.

ఈ తోటను చూసి ముచ్చటపడి ఇంటి పెరట్లో హాబిట్ తోట పెంచుకునేవాళ్లు ప్రపంచమంతటా ఉన్నారు. గుండ్రటి తలుపు మన వడ్రంగి కూడా చేసిపెడతాడు. లావెండర్ మాత్రం గుంటూరు మే నెలకు తట్టుకోదు. అసలు ఆ కథ నుంచి పెరట్లోకి తెచ్చుకోవాల్సింది తలుపూ కాదు, పువ్వూ కాదు, ఒక చిటికెడు మట్టి అని నా అభిప్రాయం. సినిమా మాత్రమే చూసినవారికి ఈ సంగతి తెలియదు, ఎందుకంటే ఆ ఘట్టాన్ని సినిమాలో వదిలేశారు.

నవలలో శామ్‌వైజ్ గామ్‌జీ తోటమాలి. ప్రయాణంలో గలాడ్రియెల్ అనే ఎల్ఫ్ రాణి అతనికి చిన్న చెక్కపెట్టె ఇస్తుంది. అందులో ఉన్నది ఆమె తోటలోని మట్టి, ఒక విత్తనం. యుద్ధం ముగిసి ఊరికి వచ్చేసరికి చెట్లన్నీ కొట్టేసి ఉంటాయి, కొత్త మర ఏటిని పాడుచేసి ఉంటుంది. ఈ కొంచెం మట్టితో ఏం చేయాలని శామ్ ముగ్గురు మిత్రులను అడుగుతాడు. గాలి వీచే రోజున ఎగరేసెయ్ అంటాడు పిప్పిన్. ఒకచోట నారుమడి కట్టి అందులో వేసి చూడు అంటాడు మెర్రీ. నీ తెలివీ పనితనమూ వాడు, మట్టిని పొదుపుగా వాడు అంటాడు ఫ్రోడో. శామ్ కొట్టేసిన చెట్ల స్థానంలో మొక్కలు నాటి, ఒక్కొక్కదాని వేరు దగ్గర ఒక్కో రేణువు వేస్తాడు. చివరికి మిగిలిన పిసరును ఊళ్ల నడిమధ్యన నిలబడి గాలికి వదులుతాడు. వసంతం వచ్చేసరికి ఇరవై ఏళ్ల ఎదుగుదల ఒక్క ఏడాదిలో!

ఇరవై ఏళ్ల మాట మంత్రం. మిగతాది చాలావరకు నేలశాస్త్రం.

ఒక గ్రాము మంచి మట్టిలో వంద కోట్ల దాకా బాక్టీరియాలు ఉండగలవు. వాటితోపాటు కంటికి కనిపించని శిలీంధ్రపు పోగులు మీటర్ల కొద్దీ ఉంటాయి. ఈ పోగులు కొన్ని మొక్క వేర్లతో కలిసి బతుకుతాయి. దీన్ని వివరించి మైకోరైజా అని పేరు పెట్టింది జర్మనీ వృక్షశాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ ఫ్రాంక్, 1885లో. ట్రఫుల్ అనే ఖరీదైన పుట్టగొడుగును సాగు చేసే దారి వెతకమని ప్రభుత్వం పురమాయిస్తే, ఆయన ఇంతకంటే పెద్ద సంగతి తవ్వి తీశాడు.

మొక్కకు భాస్వరం కావాలి. భాస్వరం నేలలో ఇనుము, అల్యూమినియం, సున్నం లాంటివాటిని అంటిపెట్టుకుని ఉంటుంది, నీటితో పాటు సులువుగా కదిలిరాదు. వేరు తన చుట్టూ మిల్లీమీటర్ల మేర ఉన్నది లాగేసుకున్నాక ఖాళీ కంచం ముందు కూర్చున్నట్టే. వేరు నూగు కన్నా సన్నని శిలీంధ్రపు పోగు ఆ ఖాళీ దాటి సెంటీమీటర్ల దూరం పోతుంది, వేరు దూరలేని సందుల్లోకి దూరి భాస్వరం తెస్తుంది. బదులుగా మొక్క తాను ఎండలో వండుకున్న చక్కెరలో అయిదో వంతు దాకా దానికి ఇస్తుంది. అంత మూల్యం ఊరికే ఇవ్వదు కదా. అందుకే పైనుంచి భాస్వరం ఎరువు దండిగా పడితే మొక్క ఈ పొత్తును తగ్గించుకుంటుంది. నేల మీద మొక్కజాతుల్లో నూటికి డెబ్భైకి పైగా ఈ శిలీంధ్రాలతో పొత్తు కుదుర్చుకున్నవే. ఆవ, క్యాబేజీ, ముల్లంగి కుటుంబం మాత్రం దూరంగా ఉంటుంది. తోటకూర జాతులదీ చాలావరకు అదే తీరు.

శామ్ చేసిన పనిని నిజంగా చేసినవాళ్లున్నారు. కరీబియన్ సముద్రంలోని ప్యూర్టోరికో దీవిలో పైన్ చెట్లు సహజంగా లేవు. తెచ్చి నాటిన పైన్ మొక్కలు ఏళ్ల తరబడి పసుపుబారి, గిడసబారి చచ్చిపోతూ వచ్చాయి. 1950లలో అమెరికాలోని ఉత్తర కరొలినా పైన్ అడవుల నుంచి మట్టి తెప్పించి వేర్ల దగ్గర వేశారు. మట్టి తగిలిన మొక్కలు ఏపుగా లేచాయి, తగలనివి అలాగే ఉండిపోయాయి. ఎరువు చాలక కాదు, తోడు లేక అన్నమాట.

నెదర్లాండ్స్‌లో ఇంకా పెద్ద ఎత్తున చేశారు. సాగు మానేసిన పొలంలో పైమట్టి తీసేసి, కొన్ని చోట్ల గడ్డిభూమి నుంచి, మరికొన్ని చోట్ల హీత్ అనే పొదల నేల నుంచి తెచ్చిన మట్టిని సెంటీమీటరు కన్నా పల్చగా పరిచారు. ఆరేళ్ల తర్వాత చూస్తే, గడ్డిభూమి మట్టి పడ్డచోట గడ్డిభూమి మొక్కలు, హీత్ మట్టి పడ్డచోట హీత్ మొక్కలు పెరుగుతున్నాయి. ఒకే పొలం రెండు దారులు పట్టింది. ఈ ఫలితాలు 2016లో 'నేచర్ ప్లాంట్స్' పత్రికలో వచ్చాయి.

ముగ్గురు మిత్రుల సలహాల్లో పిప్పిన్‌ది ఎందుకు బలహీనమో ఇప్పుడు చెప్పవచ్చు. పైన్, ఓక్‌లతో బతికే శిలీంధ్రాలు పుట్టగొడుగులు మొలిపించి బీజాలను గాలికి వదులుతాయి. కూరగాయలతో, పప్పుధాన్యాలతో బతికేవి మాత్రం బీజాలను ఎక్కువగా నేలలోనే కంటాయి. గాలికి ఎగరేసిన మట్టి ఏ రాతి మీద పడుతుందో తెలియదు, వేరును ఆనించి వేసింది వృథా పోదు. శామ్‌కు సూక్ష్మజీవశాస్త్రం రాదు కాని చెయ్యి తిరిగిన తోటమాలి.

మన రైతుకు ఇది బొత్తిగా కొత్త కాదు. ఆంధ్రప్రదేశ్‌లో ప్రకృతి సేద్యం చేసేవారు జీవామృతంలో పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండితో పాటు గట్టు మీది మన్ను గుప్పెడు వేస్తారు, రసాయనాలు తగలని మన్ను. సరుగుడు నారు పోసే చోట పాత తోట మట్టి కలపడమూ ఉంది. సరుగుడు వేరుబుడిపెల్లో ఫ్రాంకియా అనే బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి ఇస్తుంది, అది పాత తోట మట్టితో పాటు కొత్త నారుకు చేరుతుంది.

ఇక మిద్దెతోటల సంగతి. కొబ్బరిపొట్టు తేలిక, నీళ్లు పట్టి ఉంచుతుంది, కానీ అందులో ఈ శిలీంధ్రాలు దాదాపు ఉండవు. సంచుల్లో అమ్మే మైకోరైజా పొడులు ఉన్నాయి గాని వాటిని పరీక్షించినప్పుడు చాలాసార్లు మంచి మాట రాలేదు. చాలా సరుకుల్లో వేరును పట్టే సత్తా ఉన్న బీజాలే కనిపించలేదు. డబ్బు పెట్టేముందు ఆలోచించండి.

ఊరి బయట రసాయనాలు పడని గట్టు మీద, గడ్డి వేర్లో కంది వేర్లో అల్లుకున్న చోట, జానెడు లోతు లోపల గుప్పెడు మట్టి తీసుకోండి. అడవి జోలికి వెళ్లవద్దు. పరాయి దేశపు మట్టి అసలే వద్దు. యూరప్ చెట్ల వేర్లతో పాటు డెత్ క్యాప్ అనే ప్రాణాంతకమైన పుట్టగొడుగు ఆస్ట్రేలియాకు చేరింది అలాగే. ఎండుతెగులు సోకిన వంగ, టమాటా మళ్ల మట్టి కూడా పనికిరాదు, తెగులూ నులిపురుగులూ దాంతోనే వస్తాయి.

ఆ మట్టిని నాటే గుంటలో వేరుకు తగిలేలా వేయండి. ఆ కుండీకి భాస్వరం ఎరువు తగ్గించండి. ఆరు మిరప కుండీలుంటే మూడింటికి గట్టు మట్టి వేసి, మూడింటికి అదే మట్టిని బాగా ఉడికించి చల్లార్చి వేయండి. ఎరువు, నీరు, ఎండ ఆరింటికీ సమానంగా ఉండాలి. కాయలు తూచి, ఫలితాన్ని మన పత్రికకు రాయండి. తేడా ఏమీ కనబడకపోతే ఆ సంగతే రాయండి, అదీ అచ్చువేయదగ్గదే.