రెండున్నర డిగ్రీల తేడా: పాత విమాన ఇంజిన్లలో మరల కథ

పాత విమాన ఇంజిన్‌కు మరమ్మతు చేస్తున్నప్పుడు ఒక పావు అంగుళం బోల్టు పోయిందనుకోండి. మరో పావు అంగుళం బోల్టు తెచ్చి తిప్పితే చక్కగా ఎక్కింది. మనమైతే పని అయిపోయిందనుకుంటాం. అసలు ప్రమాదం అక్కడే ఉంది.

1841లో ఇంగ్లండులో జోసెఫ్ విట్‌వర్త్ మరలకు ఒక ప్రమాణం ప్రతిపాదించాడు. అందులో మర కోణం 55 డిగ్రీలు, కొనలూ అడుగులూ గుండ్రం. 1864లో అమెరికాలో విలియం సెల్లర్స్ 60 డిగ్రీల కోణం, చదునైన కొనలు చాలన్నాడు. వాటి తయారీ తేలిక. ఇక ఎవరి దారి వారిదే అయింది. అర అంగుళం ముతక మరలో బ్రిటన్‌లో అంగుళానికి 12 చుట్లు, అమెరికాలో 13. ఈ రెండూ కలిస్తే కాస్త తిప్పగానే పట్టేస్తాయి, పొరపాటు తెలిసిపోతుంది. పావు అంగుళంలో మాత్రం రెండు చోట్లా 20 చుట్లే!

బిగించిన బోల్టు నిజానికి సాగిన స్ప్రింగు లాంటిది. ఆ లాగుడును మర పక్కగోడలు మోస్తాయి. సరిగ్గా జత కుదిరిన నట్టులో కూడా మొదటి చుట్టే దాదాపు మూడో వంతు భారం మోస్తుంది. కోణాలు వేరైతే ఒక్కో పక్కగోడ రెండున్నర డిగ్రీలు వాలు తప్పుతుంది. గోడకు గోడ ఆనాల్సింది పోయి, సన్నని గీత వెంబడే తాకుతుంది. ఒత్తిడంతా అక్కడే పోగవుతుంది. ఇంజిన్ కంపనాలకు నట్టు వదులవుతుంది, లేదా లోహం అలసి పగులుతుంది. గుండ్రని అడుగు పగుళ్లను కొంత అడ్డుకుంటుంది. ఆ విషయంలో విట్‌వర్త్‌దే పైచేయి.

1940లో రోల్స్‌రాయిస్ మెర్లిన్ ఇంజిన్‌ను అమెరికాలో తయారుచేసే పని ప్యాకార్డ్ సంస్థకు దక్కింది. మన వైమానిక దళం నడిపిన కొన్ని స్పిట్‌ఫైర్‌లలో ఉన్నదీ మెర్లినే. డెట్రాయిట్‌లో చేసిన భాగం ఇంగ్లండులోని ఇంజిన్‌కు సరిపోవాలి కాబట్టి మరలను బ్రిటిష్ పద్ధతిలోనే ఉంచారు. వాటికి కావలసిన ట్యాపులు, డైలు అమెరికాలో దొరకక ప్యాకార్డ్ స్వయంగా చేసుకుంది. ఆ ఇంజిన్ గురించి ఎవరైనా సూపర్‌చార్జర్‌నే పొగుడుతారు. నాకు మాత్రం ఈ మరలే గొప్పగా తోస్తాయి.

పానాల దగ్గర ఇంకో తికమక. విట్‌వర్త్ పానా మీది అంకె బోల్టు మందాన్ని చెబుతుంది, పానా నోటి వెడల్పును కాదు. పావు అంగుళం అని రాసి ఉన్న పానా నోరు అర అంగుళం దాటి ఉంటుంది.

1948లో అమెరికా, బ్రిటన్, కెనడా 60 డిగ్రీల ఉమ్మడి ప్రమాణానికి ఒప్పుకున్నాయి. అప్పటికే తయారైన ఇంజిన్లు మాత్రం మారలేదుగా! అందుకే వాటిని బాగుచేసేవారు మర గేజీ ఆకును బోల్టు మీద ఆనించి వెలుతురుకేసి చూస్తారు. పక్కగోడ వెంట సన్నని వెలుగు చార కనిపిస్తే, ఎంత చక్కగా ఎక్కినా సరే, ఆ బోల్టు పక్కకు పోవాల్సిందే.