ఆ పేరు కొట్టివేయకండి



కోదాడ దగ్గర ఉన్న మా చిలుకూరులో ప్రతి శుక్రవారము ఉపవాస ప్రార్థన కూడిక జరుగుతుంది. ఇరవై, ఇరవై అయిదుగురు వస్తారు. వారిలో ఎక్కువమంది నాట్లకు, కలుపులకు పోయే తల్లులు. ఆ కూడికలో చదవడానికి మేము ఒక నోటుపుస్తకము ఉంచుకున్నాము. మంచము పట్టినవారి పేర్లు, ఉద్యోగము లేని బిడ్డల పేర్లు, సంఘమునకు దూరమైనవారి పేర్లు అందులో ఉంటాయి. ఒక్కొక్క పేరు చదివి, ఆ పేరు కొరకు ప్రార్థన చేస్తాము.

కొన్ని సంవత్సరముల క్రితము పాత పుస్తకము నిండిపోతే, కొత్త పుస్తకములోనికి పేర్లు ఎక్కించాము. ఎక్కిస్తూ కొన్నింటిని వదిలివేశాము. వాటిలో జవాబు వచ్చినవి ఉన్నాయి. అయితే దేవుని ఎదుట నిజము చెప్పవలెనంటే, చదివి చదివి మాకే విసుగు పుట్టిన పేర్లు కూడా ఉన్నాయి. అలా వదిలివేసినవాటిలో ఒక వృద్ధ తల్లి కుమారుని పేరు ఒకటి. అతడు తాగుడుకు లోబడి, ఇల్లు విడిచి, తండ్రి చనిపోయినప్పుడు కూడా రాలేదు. పదకొండేండ్లుగా ఆ పేరు చదువుతూనే ఉన్నాము. ఇక ఏమి ప్రయోజనమని అనుకున్నాము.

ఆ శుక్రవారము కూడిక ముగిసి అందరూ వెళ్లిపోయినా ఆ తల్లి గుమ్మము దగ్గరే నిలబడి ఉంది. "అయ్యగారూ, ఇయ్యాల మా పిలగాని పేరు సదవలేదేంది? ఆ పేరు దేవుడు కొట్టేసిండా, మీరే కొట్టేసిండ్రా?" అని అడిగింది.

ఆమెకు చదువు రాదు. అయినా ఆ పుస్తకములో ఏ పేరు తరువాత తన కుమారుని పేరు వస్తుందో ఆమెకు బాగా తెలుసు. ఆమె ప్రశ్నకు మా దగ్గర జవాబు లేకపోయింది. ఆ రాత్రి పరిశుద్ధ గ్రంథము తెరచి, ఎన్నోసార్లు బోధించిన భాగములనే బోధకునిగా కాక, తప్పు చేసినవానిగా మళ్లీ చదువుకున్నాము. అప్పుడు నేర్చుకున్నదే మీతో పంచుకుంటున్నాము.

ఆ న్యాయాధిపతి మన తండ్రివంటివాడు కాడు

లూకా సువార్త 18వ అధ్యాయములో మన ప్రభువు ఒక విధవరాలి కథ చెప్పాడు. ఆమెకు డబ్బు లేదు, సిఫారసు లేదు, వెంట నడిచే మగదిక్కు లేదు. ఉన్నది ఒక్కటే, మానకుండా రావడము. దేవుడంటే భయము గాని, మనుష్యులంటే లక్ష్యము గాని లేని ఆ న్యాయాధిపతి చివరికి ఆమె పోరు పడలేక న్యాయము తీర్చాడు. ఒక్క కాగితము కొరకు కచేరీల చుట్టూ తిరిగి చెప్పులు అరగదీసుకున్నవారికి ఈ కథను వివరించి చెప్పనక్కరలేదు.

అయితే దేవుడు కూడా ఆ న్యాయాధిపతివంటివాడేనని, విసిగిస్తే తప్ప వినడని కొందరు అనుకుంటారు. అది పొరపాటు. ప్రభువు ఇక్కడ పోలిక చెప్పలేదు, భేదము చూపించాడు. అంత కఠినుడే ఒక పరాయి స్త్రీకి న్యాయము చేస్తే, తాను ఏర్పరచుకున్న బిడ్డలు రాత్రింబగళ్లు మొరపెడుతుంటే ప్రేమగల తండ్రి ఊరకుంటాడా అన్నదే ఆయన చెప్పిన మాటకు అర్థము. మనము మానక అడగడానికి కారణము ఆయన మనస్సు కఠినమని కాదు, ఆయన మనస్సు మనకు తెలుసునని.

మరొక సంగతి గమనించండి. శిష్యులు విసుగు చెందకూడదనే ఈ ఉపమానము చెప్పినట్లు లూకా మొదటనే వ్రాశాడు. అంటే మనకు విసుగు వస్తుందని ప్రభువుకు ముందే తెలుసు! ఉపమానము చివర ఆయన ఒక ప్రశ్న వేశాడు. తాను తిరిగి వచ్చేటప్పటికి భూమిమీద విశ్వాసము మిగిలి ఉంటుందా అని అడిగాడు. దేవుడు వింటాడా లేదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. అడిగేవారు మిగులుతారా అన్నదే ప్రశ్న. మా గుమ్మములో నిలబడిన తల్లి అడిగినది కూడా అదే.

అగ్ని వెంటనే, వర్షము ఏడవసారి

మొదటి రాజుల గ్రంథము 18వ అధ్యాయములో ఏలీయా కర్మెలు పర్వతముమీద ఒకే దినమున రెండు ప్రార్థనలు చేశాడు. అగ్ని కొరకు చేసిన ప్రార్థన చిన్నది, జవాబు వెంటనే వచ్చింది. వర్షము కొరకు ప్రార్థించినప్పుడు మాత్రము తల మోకాళ్ల మధ్య ఉంచుకొని, సముద్రమువైపు చూచి రమ్మని పనివానిని మాటిమాటికి పంపించవలసి వచ్చింది. ఆరుసార్లు ఆకాశములో ఏమియు కనబడలేదు. ఏడవసారి మనిషి అరచేయంత మేఘము కనబడింది.

అదే భక్తుడు, అదే కొండ, అదే దినము, అదే విశ్వాసము. అయినా ఒక జవాబు తక్షణమే వచ్చింది, ఇంకొకటి ఆలస్యముగా వచ్చింది. కాబట్టి జవాబు ఆలస్యమైనంత మాత్రాన "నాలో ఏదో పాపముంది, నా విశ్వాసము చాలదు" అని క్రుంగిపోవలసిన పనిలేదు. ఇంకొక మాట. వర్షము కురిపిస్తానని దేవుడు ముందే వాగ్దానము చేశాడు. అయినా ఏలీయా ప్రార్థన మానలేదు. సాగర్ ఎడమ కాలువకు నీళ్లు వదులుతారని తెలిసిన మన రైతు చేతులు కట్టుకొని కూర్చుంటాడా? గట్లు వేసుకుంటాడు, నారుమడి దున్నుకుంటాడు. వాగ్దానము ఉన్నదని తెలిసినవాడే పని చేస్తాడు.

దానియేలు గ్రంథము 10వ అధ్యాయము ఇంకొక తెర తొలగిస్తుంది. దానియేలు మూడు వారములు దుఃఖపడి ప్రార్థించాడు. తరువాత వచ్చిన దూత, అతని మొర మొదటి దినమే దేవుని సన్నిధికి చేరిందని, దారిలో ఇరువది యొక్క దినములు ఆటంకము కలిగిందని తెలియజేశాడు. వినబడిన దినము ఒకటి, జవాబు వచ్చిన దినము మరొకటి. ఆ మధ్య దినములలో దానియేలుకు ఏమీ తెలియదు. మనమందరము నివసించేది ఆ మధ్య దినములలోనే.

ఒంగోలు కొండమీద అయిదుగురు

ఇది పాత నిబంధన కాలముతో ముగిసిపోలేదు. మన తెలుగు నేలమీద జరిగిన సంగతి వినండి. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే గారు 1836లో భారతదేశము చేరి, 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏండ్లు గడిచినా విశ్వసించినవారు బహు కొద్దిమంది. ఈ మిషనును మూసివేద్దామని అమెరికాలో పెద్దలు ఒకటికంటె ఎక్కువసార్లు చర్చించారు. 1853లో ఆల్బనీ నగరములో జరిగిన సభలో కూడా ఆ మాట వచ్చింది. పటముమీద ఒంటరి చుక్కవలె ఉన్నందున దానికి "లోన్ స్టార్ మిషన్" అనే పేరు నిలిచిపోయింది.

ఆ మరుసటి సంవత్సరము, 1854 జనవరి 1న తెల్లవారుజామున ఒంగోలు పక్కనున్న కొండ మీదికి అయిదుగురు ఎక్కారు. వారు లైమన్ జ్యూయెట్ గారు, వారి సతీమణి, ముగ్గురు తెలుగు విశ్వాసులైన క్రిస్టియన్ నరసు, జూలియా, రూతు. ఒంగోలుకు ఒక దైవసేవకుని పంపుమని మోకరించి అడిగారు. కొండ దిగినప్పుడు వారి చేతిలో కనబడే ఫలము ఒక్కటీ లేదు. 1862లో జ్యూయెట్ గారు ఆరోగ్యము చెడి స్వదేశము వెళ్లినప్పుడు మిషను మూసివేత మాట మళ్లీ లేచింది. ఎవరు పంపినా పంపకపోయినా తాను తిరిగి వెళ్తానని ఆయన పట్టుబట్టారు. 1865లో ఆయన వెంట జాన్ క్లౌ గారు వచ్చారు. 1866లో క్లౌ గారు ఒంగోలులో కాపురము పెట్టారు. కొండమీది ప్రార్థనకు, ఆ జవాబుకు మధ్య పన్నెండేండ్లు గడిచాయి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఏర్పడినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది మాత్రమే.

తరువాత 1876-78 సంవత్సరముల ఘోరమైన కరవు వచ్చింది. క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగము కంట్రాక్టు తీసుకొని వేలమందికి కూలి కల్పించారు. కూటి కొరకు మతములో చేరారనే మాట రాకూడదని, సహాయము నడిచినంత కాలము బాప్తిస్మములు ఆపివేశారు. అది ముగిసిన తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున ఏటిలో దిగి ఇచ్చారు.

ఆ మిషను అంతటితో ఆగలేదు. రష్యా దేశపు మెనోనైట్ సంఘముల నుండి వచ్చి ఆ మిషనుతోనే కలిసి పనిచేసిన అబ్రహాము ఫ్రీసెన్ దంపతులు 1890లో నల్గొండలో సేవ ఆరంభించారు. ఆ తరువాత సూర్యాపేటలో కూడా సేవ మొదలైంది. ఆ అయిదుగురు అడిగినది ఒంగోలు కొరకు. దేవుడు ఇచ్చినది మన ప్రాంతము వరకు ప్రవహించింది.

కాదన్నప్పుడు కూడా

ఇంత చెప్పి ఒక మాట దాచిపెడితే అది మోసమవుతుంది. మానక అడిగినవన్నీ మనము అడిగినట్లే దొరకవు. శరీరములోని ముల్లు తీసివేయుమని అపొస్తలుడైన పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. ముల్లు పోలేదు, దానిని భరించే కృప దొరికింది. గెత్సేమనే తోటలో మన ప్రభువే మూడుసార్లు ప్రార్థించి, తండ్రి చిత్తమునకు తన్ను అప్పగించుకున్నాడు.

ఉత్తర ఆఫ్రికాకు చెందిన మోనికా అనే తల్లి దారి తప్పిన తన కుమారుడు అగస్టీను కొరకు ఏండ్ల తరబడి కన్నీళ్లతో ప్రార్థించింది. అతడు సముద్రము దాటి రోముకు పోకుండా ఆపుమని ఒక రాత్రంతా దేవుని వేడుకుంది. తెల్లవారేసరికి ఓడ వెళ్లిపోయింది. ఆమె అడిగిన ఆ చిన్న మనవి నెరవేరలేదు. కాని అతడు అలా వెళ్లినందువలననే మిలాను నగరములో అంబ్రోసు అనే బిషపు బోధ విన్నాడు, 387లో అతని చేతనే బాప్తిస్మము పొందాడు. అదే సంవత్సరము మోనికా కన్నుమూసింది. దేవుడు ఆమె మాటను త్రోసివేసి, ఆమె కోరికను నెరవేర్చాడు!

మన ఇండ్లలో చేయవలసినది

ప్రార్థించవలసిన పేరు, తేదీ వ్రాసి పెట్టుకోండి. మన మనస్సు మరచిపోతుంది, పుస్తకము మరచిపోదు. ఒంటరిగా మోయలేనప్పుడు మరొక ఇద్దరిని తోడు పిలవండి, కొండమీదికి అయిదుగురు ఎక్కారు గదా. కుటుంబ ప్రార్థనలో ఆ పేరును పిల్లల చేత కూడా పలికించండి, మన తరువాత వారు అడుగుతారు. ఎవరి కొరకు ప్రార్థిస్తున్నారో వారి మీద కోపము పెట్టుకోకండి, తలుపు మూయకండి. ఒక ఉత్తరము, ఒక ఫోను, ఒక పూట భోజనము, ఇవి కూడా ప్రార్థనలో భాగమే. మాటలు రానప్పుడు ఆ పేరు మాత్రము చెప్పి ఊరకుండండి. తండ్రికి ఆ పేరు తెలుసు.

మేము ఆ తరువాతి శుక్రవారము సంఘము ఎదుట మా తప్పు ఒప్పుకొని, ఆ కుమారుని పేరు కొత్త పుస్తకము మొదటి పేజీలో వ్రాశాము. ఈ వ్యాసము వ్రాసే నాటికి అతడు ఇంటికి రాలేదు. గడచిన క్రిస్మసు దినమున ఆ తల్లికి ఒక ఫోను మాత్రము వచ్చింది. "అమ్మా, బాగున్నవా?" అని అడిగి పెట్టివేశాడట. ఆమె ఆ సాయంత్రమే మా ఇంటికి వచ్చి, ఆ మాట చెప్పి, "పుస్తకంల రాసుకోండి అయ్యగారూ" అన్నది. అరచేయంత మేఘము ఎంత ఉంటుందో మాకు అప్పుడు తెలిసింది.

ప్రియ పాఠకులారా, మీ ఇంటి పుస్తకములో మీరు కొట్టివేసిన పేరు ఏదైనా ఉన్నదా? ఈ రాత్రి మళ్లీ వ్రాయండి. వింటున్న తండ్రి మన ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా మీకును మాకును ఓర్పు అనుగ్రహించును గాక. ఆమేన్.