డ్యూటీ మారే వేళ

అమ్మడూ, నీ హౌస్ సర్జన్సీ కబుర్లు వింటుంటే ఒక సంగతి చెప్పాలనిపించింది. రోగి మంచం మీదే ఉంటాడు, డాక్టర్లు మాత్రం పూటపూటకీ మారిపోతుంటారు. పగటి డాక్టరు కనిపెట్టింది రాత్రి డాక్టరుకు చేరాలంటే కాగితం ఒక్కటే చాలదు, మాట కావాలి, అదీ చులకన లేని మాట.

ఇజ్రాయెల్‌లో, నెలలు నిండని పసికందుల్ని చూసే 24 వైద్య బృందాలకు ఒక ఉత్తుత్తి కేసు ఇచ్చారు. పాపకు పేగుల జబ్బు ఉన్నట్టుండి ముదురుతోంది, పోల్చుకుని వైద్యం చేయాలి. విదేశీ నిపుణుడొకాయన కొన్ని బృందాలతో మామూలుగానే మాట్లాడాడు. మిగతావాళ్ల దగ్గర మాత్రం, మీ దేశపు వైద్యం ఏపాటిదిలే అన్న ధోరణిలో చులకన చేశాడు. అరవలేదు, తిట్టలేదు. అయినా ఆ మాట పడ్డవాళ్లు జబ్బు పోల్చడంలోనూ, చేతిపనిలోనూ వెనకబడ్డారు. 2015లో అచ్చయిన ఆ పరిశోధన కారణం కూడా చెప్పింది: తెలిసింది పక్కవాళ్లకు చెప్పడం, సాయం అడగడం రెండూ తగ్గాయట. చదివిన చదువు ఎక్కడికీ పోలేదమ్మా, నోరు పెగల్లేదు.

ఇంటికెళ్లే తొందరలో సీనియరు "అంతా కేస్ షీట్‌లో ఉంది, చూసుకో" అని విసుక్కున్నా జరిగేది ఇదే. అడగాల్సిన ప్రశ్న గొంతులోనే ఉండిపోతుంది. దాని ఫలితం అనుభవించేది రోగి.

అమెరికా, కెనడాల్లో 9 ఆస్పత్రుల పిల్లల వార్డుల్లో డ్యూటీ మారేటప్పుడు రోగిని అప్పగించడానికి ఐ-పాస్ అనే పద్ధతి నేర్పారు. ముందు జబ్బు తీవ్రత, తరవాత రోగి కథ, చేయాల్సిన పనులు, పరిస్థితి తిరగబడితే ఏం చేయాలన్నదీ చెప్పాలి. ఆఖరున, విన్నవాళ్లు తమకు అర్థమైంది తిరిగి చెప్పాలి. 10,740 అడ్మిషన్లు పరిశీలిస్తే వైద్యంలో పొరపాట్లు 23 శాతం, తప్పించగలిగిన హాని 30 శాతం తగ్గాయి. 2014 నాటి లెక్క ఇది. అప్పగింతకు పట్టిన సమయమా, ఒక్కో రోగికి దాదాపు మునుపటిలాగే రెండున్నర నిమిషాలు!

నాకు బాగా నచ్చింది ఆ ఆఖరి మెట్టు. విరేచనాలతో నీరసించిన బాబును అప్పజెబుతూ, "పొటాషియం రిపోర్టు పదింటికి వస్తుంది, తక్కువుంటే పెద్ద డాక్టరుకు చెప్పు" అన్నావనుకో. నీ జూనియర్ అది తిరిగి చెబుతూ, "పదింటికి రాకపోతేనో అక్కా?" అంటుంది. నువ్వు చెప్పడం మరిచిందే అది. బ్యాగు పక్కన పెట్టి, ల్యాబ్ నంబరు రాసివ్వు.